వేరుకూ ఊపిరి కావాలి

కడియం పేరు వినని మొక్కల ప్రియులు తెలుగునాట అరుదు. రాజమహేంద్రవరానికి దిగువన, గోదావరి కాలువల గట్ల వెంబడి, కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి మొదలైన ఊళ్ళలో ఎటు చూసినా నర్సరీలే. గులాబీలు, మందారాలు, క్రోటన్లు, మామిడి అంట్లు, కొబ్బరి మొలకలు ఇక్కడినుంచి లారీలెక్కి దేశంలో ఎక్కడెక్కడికో వెళ్ళిపోతాయి.

ఈ ప్రాంతంలో అనుభవమున్న నర్సరీ మనిషి దగ్గరకు వెళ్ళి, "కొత్తగా ఇల్లు కట్టుకున్నామండీ, పెరట్లో వెయ్యడానికి మంచి మొక్కలు కావాలి," అని అడిగారనుకోండి. అతను వెంటనే మొక్క చూపించడు. "మీ పెరడు మెరకాండీ, పల్లమాండీ?" అని అడుగుతాడు.

మొక్క కొనడానికీ, మెరకపల్లాలకూ సంబంధం ఏమిటి? ఆ సంబంధం తెలియక ఏటా ఎన్నో ఇళ్ళలో ఎన్నో మొక్కలు చనిపోతున్నాయి.

గోదావరి డెల్టాలో కొత్త ఇళ్ళు చాలావరకు ఒకనాటి వరిచేలలోనే లేస్తున్నాయి. ఇంటివారు ఎండాకాలంలో గృహప్రవేశం చేసి, తొలకరి పడగానే ముచ్చటపడి మొక్కలు తెస్తారు. నేల గట్టిగా ఉన్నది గదా అని పెద్ద పెద్ద గోతులు తవ్వి, వాటిలో మెత్తటి మట్టీ, పశువుల ఎరువూ నింపి మొక్కలు నాటుతారు. నెల రోజులు మొక్కలు కళకళలాడతాయి. అంతలో జూలై ముసురు పట్టుకుంటుంది. నాలుగు రోజులు విడవకుండా వాన కురిశాక చూస్తే, మిరపమొక్క తలవాల్చి ఉంటుంది. వంగ ఆకులు పసుపుపచ్చగా మారుతాయి. "అయ్యో, వాడిపోయిందే!" అని ఇంట్లో పిల్లలు జాలిపడి చెంబుతో నీళ్ళు పోస్తారు. వారం తిరిగేసరికి మొక్క చచ్చి ఊరుకుంటుంది.

పాపం, ఆ పిల్లలు చేసింది ఏమిటో తెలుసా? నీళ్ళలో మునిగి ఊపిరాడని వాడికి మరో గ్లాసు నీళ్ళు తాగించారు!

వేరు ఊపిరి పీల్చడమేమిటి?

ఆకులు గాలి పీలుస్తాయని మీరు బడిలో చదువుకునే ఉంటారు. వేర్లు కూడా పీలుస్తాయి. ఆకు తయారుచేసి పంపిన చక్కెరను వేరు ప్రాణవాయువుతో కలిపి ఖర్చు చేస్తే దానికి శక్తి వస్తుంది. ఆ శక్తితోనే అది పెరుగుతుంది, నేలలోని లవణాలను లోపలికి తీసుకుంటుంది. ప్రాణవాయువు అందకపోతే వేరు పని మందగిస్తుంది. చుట్టూ నీరు ఎంత ఉన్నా దాన్ని సరిగా పైకి పంపలేదు. అందుకే నీళ్ళలో నిలబడి ఉన్న మొక్క దాహంతో ఉన్న మొక్కలాగే వాడిపోతుంది. చూపులకు రెండూ ఒకటే, కాని మందు వేరు. కాబట్టి వాడిన మొక్కకు నీళ్ళు పొయ్యబోయే ముందు మట్టిలోకి వేలు దింపి చూడాలి. లోపల పొడిగా ఉంటే దాహం. బురదగా ఉంటే ఊపిరాడడం లేదన్నమాట.

నేలలో గాలి ఎక్కడ ఉంటుంది? మట్టి రేణువుల మధ్య సందుల్లో. మంచి తోటమట్టిలో సుమారు సగం మాత్రమే గట్టి పదార్థం, మిగిలిన సగం సందులే. ఆ సందుల్లో సగం నీరూ, సగం గాలీ ఉంటే మొక్కకు పండగ. వాన కురిసినప్పుడు నీరు సందులన్నిటినీ నింపి, గాలిని వెళ్ళగొడుతుంది. ఇసుకనేలలో సందులు పెద్దవి గనుక నీరు త్వరగా జారిపోయి మళ్ళీ గాలి చేరుతుంది. డెల్టాలోని నల్లని బంకనేల సంగతి అలా కాదు. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకంటె కూడా చిన్నది. రేణువులు అంత చిన్నవైతే సందులూ అంత సన్ననివే. వాటిలో చేరిన నీరు ఒక పట్టాన కదలదు. పైగా ప్రాణవాయువు గాలిలో ప్రయాణించే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా ప్రయాణిస్తుంది. నేలలోని సూక్ష్మజీవులు ఉన్న కాస్త ప్రాణవాయువునూ ఒకటి రెండు రోజుల్లో వాడేస్తాయి. ఆ తరువాత వేర్లు కుళ్ళడం మొదలవుతుంది.

ఇక మనవాళ్ళు తవ్విన గొయ్యి సంగతి చూడండి. చుట్టూ బంకనేల, నడుమ మెత్తటి మట్టి. వాన నీరంతా మెత్తటి మట్టిలోకి దిగుతుంది కాని, అక్కడినుంచి బయటకు పోలేదు. అంటే వాళ్ళు మొక్కను నాటింది నేలలో కాదు, నీళ్ళ గిన్నెలో!

"మరి వరి అదే నేలలో, అన్ని నీళ్ళలో, హాయిగా పెరుగుతున్నది కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. తామర తూడును అడ్డంగా కోసి చూడండి. లోపల గొట్టాల్లాంటి చిల్లులు కనిపిస్తాయి. వరి కాడలోను, వేరులోను కూడా అటువంటి గాలిదారులే చిన్నవి ఉంటాయి. ఆకులకు అందిన గాలి వాటిగుండా వేళ్ళదాకా దిగుతుంది. మిరపకూ, వంగకూ, టమాటాకూ ఆ ఏర్పాటు చాలినంత లేదు. వాటి వేర్లకు గాలి కావాలంటే నేలే ఇవ్వాలి.

నది నేర్పిన పాఠం

"నీరు పల్లమెరుగు" అని మన పెద్దలు అంటారు. నీరు పల్లానికే పోతుంది గనుక మొక్కను మెరకమీద పెడితే సరి. ఈ సంగతి మనుషులకంటె ముందే గోదావరి చేసి చూపించింది. కడియపులంక, బుర్రిలంక అనే పేర్లలో చివరి మాట గమనించారా? లంక అంటే నది తెచ్చిన ఒండ్రూ ఇసుకా పేరుకుని ఏర్పడిన మెరక. లంకనేలలో ఇసుకపాలు ఉంటుంది గనుక నీరు త్వరగా ఇంకుతుంది. అందుకే లంకలు కూరగాయలకూ, పూలకూ పేరు పొందాయి.

ఆ పక్కనే పల్లపు భూముల్లో వరి. ఆ వరికి నీరిచ్చే కాలువలు ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చాయి. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆ పని 1852లో పూర్తయింది. నీరు వచ్చి డెల్టా అన్నపూర్ణ అయింది. అయితే కాలువల కింద నేలలో తడి ఎప్పుడూ పైపైనే ఉంటుంది గనుక, ఇక్కడ తోట పెంచేవారు నీరు పెట్టడం ఎంత నేర్చుకోవాలో, నీరు తియ్యడమూ అంతే నేర్చుకోవాలి. అరటితోటలోను, కొబ్బరితోటలోను వరసల మధ్య కాలువలు తీసి ఉండడం మీరు చూసే ఉంటారు. మొక్కలను బోదెలమీద నాటడం కూడా అందుకే.

నర్సరీలో మొక్క ఉండే సంచిని తిరగేసి చూడండి. అడుగున చిల్లులుంటాయి. సంచి నేలమీద నిలబడి ఉంటుంది గాని నేలలో మునిగి ఉండదు. అంటే అది జానెడు ఎత్తున్న చిన్న మెరక. మొక్క మీ ఇంటికి వచ్చేదాకా మెరకమీదే పెరిగిందన్నమాట. దాన్ని తీసుకువచ్చి గిన్నెలో పెడితే ఎలా ఒప్పుకుంటుంది?

ఎత్తు ఎందుకు పనిచేస్తుంది?

ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. పాత్రలు తోమే పల్చటి, పొడుగాటి స్పాంజి ఒకటి తీసుకుని నీళ్ళలో బాగా ముంచండి. రెండు చేతులతో బల్లపరుపుగా పట్టుకుని పైకెత్తండి. నీరు కారి కారి ఆగిపోతుంది. ఇప్పుడు పిండకుండా, దాన్ని నిలువుగా తిప్పి పట్టుకోండి. ఆగిపోయిన ధార మళ్ళీ మొదలవుతుంది! స్పాంజి అదే, నీరు అదే. ఎత్తు మాత్రం పెరిగింది. నిలువుగా ఉన్నప్పుడు నీరు తన బరువుతో కిందికి లాగుతుంది. పై భాగం ఆరి గాలి పీల్చుకుంటుంది, అడుగుభాగం తడిగా మిగులుతుంది. ఎత్తు మడిలో జరిగేదీ అచ్చంగా ఇదే. పైన గాలి, కింద తడి. వేరుకు రెండూ అందుతాయి.

ముందు కాగితంమీద, తరువాత నేలమీద

తోట పని పారతో కాదు, పెన్సిలుతో మొదలుపెట్టాలి. అందుకు రోహిణి కార్తె ఎండల్లో, సెలవుల్లో మంచి తీరిక దొరుకుతుంది.

మొదట నేలను పరీక్షించండి. అడుగు లోతు, అడుగు వెడల్పు ఉన్న గొయ్యి తవ్వి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపి, గంటకు ఎన్ని అంగుళాలు దిగుతున్నదో పుల్లతో కొలవండి. గంటకు అంగుళంకంటె తక్కువ దిగితే మీకు ఎత్తు మడి తప్పదు. మరొక పరీక్ష: గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా భాగం నీళ్ళు పోసి బాగా కుదిపి కదల్చకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు దిగుతుంది. ఒండ్రు కొన్ని గంటల్లో దానిపైన పొరగా కూర్చుంటుంది. బంకమట్టి దిగడానికి ఒక రోజు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పడుతుంది. పొరలను కొలిచి చూస్తే మీ పెరటి జాతకం తెలిసిపోతుంది.

తరువాత గళ్ళ కాగితంమీద గడికి ఒక అడుగు చొప్పున పెరటి పటం గియ్యండి. ఇల్లు, బావి లేదా కుళాయి, చెట్లు, మరుగుదొడ్డి గొయ్యి గుర్తించండి. ఆ గొయ్యికి దగ్గరలో కూరమడి వద్దు. చూరునీళ్ళు ఎక్కడ పడతాయో, వాననీరు ఏ మూలకు పోతుందో గుర్తు పెట్టండి. ఎండ రోజుకు ఆరు గంటలైనా పడే చోటే కూరలకు తగినది.

మడి వెడల్పు ఎంత ఉండాలి? ఇందుకు కొలబద్ద మీ చెయ్యే. మడిమీద కాలు పెట్టకూడదు, పెడితే మట్టి అణిగి సందులు మూసుకుపోతాయి. బాటమీద కూర్చుని చెయ్యి చాపితే మడి నడుమకు అందాలి. పిల్లల చెయ్యి అడుగున్నర అందుతుందనుకుంటే, రెండు వైపుల నుంచీ కలిపి మూడడుగుల వెడల్పు సరిపోతుంది. పెద్దవాళ్ళు నాలుగడుగులు పెట్టుకోవచ్చు. పొడుగు పది అడుగులు చాలు. బాట అడుగున్నర ఉండాలి.

కడియం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉన్నది. అందువల్ల మే రెండో వారం నుంచి ఆగస్టు తొలివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా, మిగతా కాలమంతా దక్షిణంగా ఉంటాడు. కూరలు ఎక్కువ పండేది శీతకాలంలో గనుక, బీరకూ, సొరకూ పందిరి ఉత్తరపు వైపున వేస్తే దాని నీడ మిగతా మడులమీద పడదు. మడుల పొడుగు ఉత్తర దక్షిణాలుగా ఉంటే రెండు పక్కలకూ ఎండ సమంగా అందుతుంది.

మట్టి లెక్క

"అడుగు ఎత్తు మడికి మట్టి ఎక్కడినుంచి తేవాలి?" అని అమ్మానాన్నలు భయపడవచ్చు. ఒక మడికి పది అడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు అంటే 30 ఘనపుటడుగులు. మూడు మడులకు 90. అంత మట్టి కొనాలంటే ఖర్చే మరి.

కాని లెక్క తెలిసినవాడికి అంత ఖర్చు ఉండదు. బాటను ఆరంగుళాల లోతు తవ్వండి. పది అడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అర అడుగు లోతు: ఏడున్నర ఘనపుటడుగుల మట్టి వస్తుంది. దాన్ని పక్కనున్న మడిమీద పరిస్తే మూడంగుళాల మందం అవుతుంది. బాట ఆరంగుళాలు దిగింది, మడి మూడంగుళాలు లేచింది, మొత్తం తొమ్మిదంగుళాల తేడా వచ్చింది. పైన మరొక మూడంగుళాలు బాగా చివికిన పశువుల ఎరువూ, ఆకుఎరువూ వేసి మట్టిలో కలిపితే బాట అడుగునుంచి మడి పైదాకా సరిగ్గా ఒక అడుగు! కొనవలసింది మడికి ఏడున్నర ఘనపుటడుగుల ఎరువు మాత్రమే. పైగా తవ్విన బాటే మురుగు కాలువగా పనికివస్తుంది.

ఈ యుక్తి మనదేశంలోనే కాదు, భూగోళం అవతలి వైపున కూడా ఉన్నది. మెక్సికో లోయలోని సరస్సుల్లో అక్కడి ప్రజలు నీటిలో కర్రలు పాతి, కాలువల అడుగునుంచి బురద తోడి, గడ్డీ ఆకూ కలిపి పొరలు పొరలుగా పోసి మడులు లేపారు. వాటిని చినంపాలు అంటారు. 1519లో స్పెయిన్ దండు అక్కడ దిగేనాటికే అవి ఒక మహానగరానికి అన్నం పెడుతున్నాయి. మెక్సికో నగరం పక్కన సోచిమిల్కోలో వాటిలో కొన్ని ఇప్పటికీ పండుతున్నాయి. 1987లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. కాలువలోని మట్టి మడికి, మడిలోని నీరు కాలువకు: ఆ సరస్సులోను, మీ పెరట్లోను సూత్రం ఒక్కటే.

కట్టడం ఎలాగ?

రోహిణిలో బంకనేల రాయిలాగ ఉంటుంది. ముసురు పట్టాక జిగురులాగ ఉంటుంది. ఈ రెంటికీ మధ్య, తొలకరి జల్లు పడి ఆరిన రోజులే తవ్వడానికి అదను. గుప్పెడు మట్టి పిసికి చూడండి. ముద్దయి వేళ్ళకు అంటుకుంటే ఆగండి. పొడిపొడిగా విడిపోతే పార పట్టండి.

1. నాలుగు మూలలా మేకులు పాతి తాడు కట్టి మడులూ బాటలూ గుర్తు పెట్టండి.

2. కొత్త ఇంటి స్థలంలో సిమెంటు గడ్డలు, సున్నం, ఇటుక ముక్కలు మిగిలి ఉంటాయి. అవన్నీ ఏరి పారెయ్యండి. లారీలు తిరిగి అణిగిన నేలను మడి వెయ్యబోయే చోట పలుగుతో జానెడు లోతు పెళ్ళగించండి. ఇది మానేస్తే మడి కింద మళ్ళీ గిన్నె తయారవుతుంది. పలుగు పని పెద్దవాళ్ళది, గడ్డలు చిదపడం పిల్లల పని.

3. బాటలు తవ్వి మట్టి మడులమీద వెయ్యండి. బాట పది అడుగులకు అంగుళం చొప్పున వాలు ఉండాలి. వాలు చూడడానికి తాపీమేస్త్రి వాడే నీటిగొట్టం అడిగి తెచ్చుకోండి. గొట్టం రెండు కొసల్లోను నీరు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుంది గనుక ఏ కొస ఎంత పల్లమో ఇట్టే తెలుస్తుంది. బాటల నీరు వీధికాలువలోకి పోవాలి గాని పక్కింటివారి గోడ కిందికి పోకూడదు.

4. ఎరువు పరిచి పై మట్టిలో కలపండి. కొబ్బరిపొట్టు కలిపేటట్లయితే బాగా కడిగి, చివికినదే వెయ్యండి. పచ్చిపొట్టు, రంపపుపొట్టు మట్టిలో చివికేటప్పుడు మొక్కకు కావలసిన నత్రజనిని సూక్ష్మజీవులు తినేస్తాయి.

5. అంచులకు ఇటుకలు గాని, కొబ్బరి దుంగలు గాని పెట్టవచ్చు. ఇటుకల మధ్య సిమెంటు పూసి మూసెయ్యకండి, నీరు బయటికి రావడానికి సందులు ఉండాలి. పాత సిమెంటు రేకులూ, రంగు వేసిన చెక్కలూ వాడవద్దు. ఏమీ లేకపోయినా ఫరవాలేదు. పక్కలు ఏటవాలుగా చదును చేస్తే చాలు.

నాటడం, కాపాడడం

ఒక మడిలో తోటకూర, గోంగూర, బచ్చలి. రెండో మడిలో వంగ, మిరప. మూడో మడిలో చిక్కుడు, అలసంద. మరుసటి ఏడు మడులు మార్చండి. వంగ, మిరప, టమాటా ఒకే కుటుంబానివి గనుక ఒకదాని తెగులు మరొకదానికి తగులుతుంది. చిక్కుడుజాతి మొక్కల వేళ్ళలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి గనుక, వాటి తరువాత వేసిన పంటకు మేలు జరుగుతుంది. తడికి భయపడని చేమను బాట చివర పల్లంలో నాటండి. పల్లం కూడా వృథా పోదు.

మామిడి, జామ, నిమ్మ వంటి అంట్లు తెచ్చినప్పుడు గోతిలో దింపకుండా, అడుగున్నర ఎత్తు దిబ్బ వేసి దానిమీద నాటండి. అంటు కట్టిన ముడి ఎప్పుడూ మట్టికి పైన ఉండాలి. సంచిని కోసి తీసేశాకనే నాటాలి సుమా!

ఎత్తు మడికి ఒక లోపం ఉన్నది: వానలో మేలు చేసే ఆ ఎత్తే ఎండలో త్వరగా ఆరిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మడిమీద ఎండుగడ్డి గాని, ఎండాకులు గాని మూడంగుళాల మందం కప్పండి. నీళ్ళు పొద్దున్నే పొయ్యండి. వానాకాలంలో బాటల్లో నీరు వారంరోజులు నిలిచిందంటే దోమలు పుడతాయి, వెంటనే దారి తియ్యండి. మడి మట్టి ఏటా కొంత అణుగుతుంది. బాటలో చేరిన ఒండ్రును ఎత్తి మళ్ళీ మడిమీద వేసి, రెండంగుళాల ఎరువు చేర్చండి.

ఎత్తు మడి ముసురునుంచి కాపాడుతుంది గాని నది పొంగితే ఆపలేదు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఊళ్ళనే ముంచింది. 1996 నవంబరులో కోనసీమను తాకిన తుఫాను కొబ్బరిచెట్లనే కూల్చింది. అటువంటి ఏడు మడి మళ్ళీ లేపుకోవలసిందే. అయితే చాలా ఏళ్ళలో పెరటి మొక్కను చంపేది వరదా కాదు, తుఫానూ కాదు. వేళ్ళ చుట్టూ చడీచప్పుడూ లేకుండా నిలిచిపోయిన జానెడు నీరు. ఆ జానెడు నీటిని జయించడానికి మనకు కావలసింది అడుగు మెరక.

ఈసారి ముసురు పట్టినప్పుడు గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళండి. నీరు ఎక్కడ నిలుస్తున్నదో చూసి అక్కడ ఒక పుల్ల గుచ్చండి. వాన వెలిశాక ఎన్ని గంటలకు ఆ నీరు పోయిందో పలకమీద రాసుకోండి. మీ తోట పటంలో గియ్యవలసిన మొదటి గీత అదే.